నోట్ల కింద అక్షరాలు రాయకు, బిడ్డా

బిడ్డా,

దేవరకొండలో కీబోర్డు కొనుక్కున్నావని, నొటేషన్, అంటే గీతల మీద గుర్తులతో రాసిన సంగీతం, చూస్తే టెన్షన్ వస్తోందని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. ప్రతి నోటు (స్వరం గుర్తు) కింద పెన్సిలుతో సి, డి, ఇ అని దాని పేరు రాసుకొని వాయిస్తున్నావట. ఆ పని ఈ రోజే ఆపెయ్. ఈ ఉత్తరం రాస్తున్నది ముఖ్యంగా అందుకే. కింద అక్షరం ఉన్నంతకాలం కళ్లు దాన్నే చదువుతాయి, పైనున్న నోటును చూడవు. ఆ పుస్తకంలోని పాటలు వస్తాయి కానీ నొటేషన్ రాదు. నా దగ్గర నేర్చుకున్న పిల్లల్లో చాలామంది అక్కడే ఆగిపోయారు.

ఉన్నవి అయిదు గీతలు, వాటి మధ్య నాలుగు సందులు. వరుస మొదట్లో మెలికలు తిరిగి ఉండే ట్రెబుల్ క్లెఫ్ గుర్తు కింది నుంచి రెండో గీతను చుట్టుకొని ఉంటుంది. ఆ గీత మీది నోటు జి. అన్ని గీతల కిందా ఒక పొట్టి గీత మీద విడిగా ఉండేది మిడిల్ సి. ముందు ఈ రెండే గుర్తుపెట్టుకో, మిగతావి వీటి నుంచి లెక్కపెట్టు. గీత మీది నుంచి పక్క సందులోకి పోతే తర్వాతి స్వరం. గీత నుంచి పక్క గీతకు పోతే మధ్యలో ఒక స్వరం వదిలేసినట్టు. కొన్నాళ్లకు లెక్క అక్కర్లేదు, నోట్లు ఎక్కుతున్నాయా, దిగుతున్నాయా, ఎంత దూకుతున్నాయి అన్నది చూడగానే తెలుస్తుంది. వయొలిన్‌కైనా ఫ్లూటుకైనా ఇదే పద్ధతి. ఎడమచేతి నోట్లకు పెట్టే బాస్ క్లెఫ్ గుర్తు జోలికి ఇప్పుడే పోకు.

స్వరం తప్పితే చెవి వెంటనే పట్టేస్తుంది. కాలం తప్పితే వాయించేవాళ్లకే తెలియదు. అందుకని మీటల మీద వేలు పెట్టకముందే పాఠమంతా చప్పట్లతో వెయ్యి. 4/4 అంటే నిలువు గీతల మధ్య ఉండే ఒక్కో భాగానికి, అదే బారుకు, నాలుగు దెబ్బలు. అందులో క్వార్టర్ నోటుకు ఒక దెబ్బ, హాఫ్ నోటుకు రెండు, హోల్ నోటుకు నాలుగు. నోటితో పైకి లెక్కపెట్టాలి, మనసులో కాదు. బతుకమ్మ ఆడేటప్పుడు పాట ఒకరు ఎత్తుకున్నా అందరి అడుగు, చప్పట్లు ఒకేసారి పడతాయి కదా. చిన్నప్పటి నుంచీ అందులో ఆడినదానివి, లయ నీకు కొత్త కాదు. దెబ్బ దెబ్బకూ టిక్కుమనే మెట్రోనోమ్ యాప్ నిమిషానికి 60 దెబ్బల మీద పెట్టుకో. తప్పు లేకుండా వచ్చాకే పెంచు.

కర్ణాటక సంగీతంలో మొదటి పాఠాలైన మన సరళీ వరుసలను కూడా వదలొద్దు. అవి మాయామాళవగౌళ రాగంలో ఉంటాయి. ఆ పాఠాల క్రమం పురందరదాసు ఏర్పరచాడని చెబుతారు. సి ని షడ్జమం (స) చేసుకుంటే ఆ రాగం సి, డి ఫ్లాట్ (డి కి ఎడమ పక్క నల్లమీట), ఇ, ఎఫ్, జి, ఎ ఫ్లాట్, బి. ముందు పాడు, తర్వాత వాయించు. ఆది తాళానికి 8 అక్షరాలు, అంటే 8 దెబ్బల లెక్క. తాళం వేసే చేతి వేగం మార్చకుండా మొదటి కాలంలో, అంటే మొదటి వేగంలో, అక్షరానికి ఒక స్వరం, రెండో కాలంలో రెండు, మూడో కాలంలో నాలుగు పడాలి. దెబ్బ క్వార్టర్ నోటనుకుంటే, రెండో కాలానివి ఎయిత్ నోట్లు, మూడో కాలానివి సిక్స్‌టీన్త్ నోట్లు. మూడు కాలాలూ నిలకడగా పాడగలిగితే ఆ గుర్తులను చూసి భయపడే పనే లేదు.

నొటేషన్ లేకుండా సంగీతం రాదా అని అడుగుతావేమో. ఎందుకు రాదు? మన పక్కనే నాగర్‌కర్నూల్ జిల్లాలో 12 మెట్ల కిన్నెర అనే తీగల వాద్యం వాయించే దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. అది పెద్దల నుంచి వింటూ నేర్చుకునే విద్య. చెవిని ఎప్పుడూ తక్కువ చేయొద్దు. కాకపోతే ఎన్నడూ వినని పాటను కాగితం చూసి వాయించాలంటే నొటేషన్ రావాలి. ఎక్కడో ఉన్నవాళ్లు రాసిన పాట నీ ఇంట్లో నీ చేతుల మీద పలుకుతుంది. ఆ సంతోషం నీకు దక్కాలని నా ఆశ.

రోజూ ఇరవై నిమిషాలు చాలు. ఆదివారం మూడు గంటలు కూర్చుంటే నడుం నొప్పి తప్ప ఏమీ రాదు. ఆ ఇరవైలో అయిదు నిమిషాలు కొత్త పాఠానికి ఉంచు. ఎన్నడూ చూడని నాలుగు బార్లు తీసి, తప్పు పోయినా ఆగకుండా చివరిదాకా వాయించు. మర్నాడు దాన్నే మళ్లీ తీయకు, వేరేది తీసుకో.

దసరాకు మీ ఇంటికి వస్తాను. నువ్వు చూడనివి నాలుగు బార్లు నా చేత్తో రాసి తెస్తాను, వాయించి వినిపించు.

మీ పెద్దనాయన
మహబూబ్‌నగర్