దూరవిద్య విద్యార్థి అసైన్‌మెంట్‌పై ఏం రాయాలి?

దూరవిద్య విద్యార్థుల అసైన్‌మెంట్లు దిద్దేటప్పుడు ఏం రాస్తే వారికి నిజంగా పనికొస్తుందని అడిగారు. విజయనగరంలోని ఒక అధ్యయన కేంద్రంలో ఆదివారాలు చరిత్ర చెబుతూ కాగితాలు దిద్దుతుంటాను. ఆ అనుభవంతో చెబుతున్నాను.

మొదట్లో ‘ఇంకా వివరంగా రాయాలి’ అని రాసి మార్కులు వేసేవాణ్ణి. ఒక ఆదివారం జూట్ మిల్లులో పనిచేసే విద్యార్థి రాత్రి షిఫ్టు దిగి నేరుగా తరగతికి వచ్చాడు. నేను దిద్దిన కాగితం చూపించి, ‘ఎక్కడ వివరంగా రాయాలండీ?’ అని అడిగాడు. మళ్లీ చదివితే గాని నాకే తెలియలేదు. సిగ్గేసింది. కాలేజీ విద్యార్థులైతే మరునాడు వరండాలో ఆపి అడుగుతారు. ఇతనికి నెలకో రెండు నెలలకో నేను రాసే ఆ నాలుగు మాటలే ఆధారం.

ప్రశ్న శాశ్వత శిస్తు విధానం గురించి. అంటే బ్రిటిష్ గవర్నర్ జనరల్ కార్న్‌వాలిస్ కాలంలో, జమీందార్లు కట్టే భూమి శిస్తును ఎప్పటికీ మారకుండా ఖాయం చేసిన పద్ధతి. అక్కడే కూర్చుని కాగితం అడుగున ఇలా రాశాను: ‘1793, కార్న్‌వాలిస్, బెంగాల్ అన్నీ సరిగా రాశారు. జమీందారు ప్రభుత్వానికి కట్టాల్సిన మొత్తం ఖాయమైంది. మరి రైతు జమీందారుకు కట్టాల్సింది? దాని మీద ఒక పేరా చేర్చండి. మన ఉత్తర సర్కారులకు, అంటే ఈ కోస్తా ప్రాంతానికి, ఈ పద్ధతి 1802లో వచ్చింది. 1948 చట్టంతో జమీందారీలు రద్దయ్యాయి. మీ ఊరు ఏ జమీందారీ కింద ఉండేదో పెద్దలను అడగండి.’ తర్వాతి తరగతికి వాళ్ల నాయనమ్మ చెప్పిన శిస్తు సంగతులు రెండు పేజీలు రాసి తెచ్చాడు. పాఠ్యపుస్తకంలోని వాక్యం ఒక్కటీ లేదు!

అప్పటినుంచి ఒక జవాబుకు ఒకే పెద్ద సవరణ చెబుతున్నాను. బాగున్నదేమిటో ఆ వాక్యం కింద గీత గీసి మరీ చూపిస్తాను. అక్షర దోషాలన్నిటికీ ఎర్ర సిరా పెట్టను. పదేళ్ల తర్వాత మళ్లీ పుస్తకం పట్టిన అంగన్‌వాడీ కార్యకర్తకు పేజీ అంతా ఎర్రగా కనిపిస్తే చదువు మానేయాలనిపిస్తుంది. మళ్లీ మళ్లీ వచ్చే తప్పు ఒక్కటి ఎంచుకుని, సరైన రూపం పక్కన రాస్తే చాలు.

ఇంకో మాట. ఇగ్నోలో (ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో) చాలా కోర్సులకు అసైన్‌మెంట్ల వాటా 30 శాతం, చివరి పరీక్షది 70 శాతం. కాబట్టి మీ సలహా పరీక్షకు ముందే చేరాలి. కాగితం తిరిగి వెళ్లడం ఆలస్యమయ్యేలా ఉంటే నేను ఆ జవాబు ముందు పెట్టుకుని, రెండు నిమిషాల మాటలు ఫోనులో రికార్డు చేసి పంపుతాను. బొబ్బిలి బస్సులో వింటూ వచ్చానని ఒకావిడ చెప్పారు.