మంచం తలుపుకు ఎదురుగా ఉంటే ఎలా సవరించుకోవాలి

కొత్త ఫ్లాటులో మీ మంచం కాళ్లవైపు సరిగ్గా తలుపుకు ఎదురుగా ఉన్నదని, పక్కనే అద్దాల బీరువా ఉన్నదని, ఇద్దరికీ నిద్ర చాలక చిన్న మాటకే చిరాకు పడుతున్నారని, తల ఉత్తరానికి పెట్టవద్దని మీ అత్తగారు అంటున్నారని రాశారు. గోడలు కొట్టించవలసిన పని లేదండి.

మన వాస్తులాగే ఇంటి అమరిక గురించి చెప్పే చైనా సంప్రదాయాన్ని ఫెంగ్ షుయ్ అంటారు; చైనా భాషలో ఫెంగ్ అంటే గాలి, షుయ్ అంటే నీరు. ‘చీ’ అనే ప్రాణశక్తి గాలికి చెదిరి, నీటి దగ్గర నిలుస్తుందని భావించే ఆ సంప్రదాయంలో, ద్వారానికి సూటిగా ఉన్న చోట చీ మరీ వేగంగా దూసుకువస్తుంది కనుక అది విశ్రాంతికి తగదంటారు; మృతదేహాన్ని కాళ్లు ముందుగా బయటకు తీసుకువెళ్లే ఆచారం గుర్తుకు వస్తుందని కూడా ఆ అమరికను వద్దంటారు.

మీ గదిలో తూర్పు గోడకు కిటికీ లేదన్నారు కాబట్టి, తల అటువైపు వచ్చేలా, పడుకున్నప్పుడు తలుపు ఏటవాలుగా కనిపించేలా మంచాన్ని జరపండి. అప్పుడు అత్తగారి వాస్తు అభ్యంతరమూ తీరుతుంది. ఇద్దరూ ఎవరికి వారు దిగేందుకు రెండు వైపులా చోటు విడవడం అన్నిటికంటే ముఖ్యమని నా అభిప్రాయం. అద్దాలకు రాత్రిపూట తెర వేయండి. ఫెంగ్ షుయ్ పేరిట అమ్మే గాలిగంటలు, వెదురు మొక్కలు కొనే ముందు మంచం కింద కుక్కిన సామాను తీసివేయండి.