మలేరియా పరాన్నజీవి జన్యువులపై పీహెచ్‌డీ: ఫలితానికి ఎన్నేళ్లు పడుతుంది?

ఎమ్మెస్సీ చివరి ఏడాదిలో ఉన్న మీరు, ఈ రంగంలో పీహెచ్‌డీకి చేరితే చెప్పుకోదగ్గ ఫలితం ఎప్పటికి వస్తుందని అడిగారు. ఐదేళ్లలో ఒక్క జన్యువు చేసే పనిని నిరూపించగలిగినా అది మంచి ఫలితమేనని, పద్నాలుగేళ్లుగా ఈ పనిలో ఉన్న అనుభవంతో చెబుతున్నాను.

మలేరియా మందు క్లోరోక్విన్‌కు లొంగని ఫాల్సిపేరమ్ అనే మలేరియా పరాన్నజీవి సంగతే చూడండి. అమెరికాలోని బెథెస్డాలో థామస్ వెలెమ్స్ బృందం ఈ పరాన్నజీవిలో మందుకు లొంగే హెచ్‌బీ3 రకాన్ని, లొంగని డీడీ2 రకాన్ని సంకరం చేసి, ఆ ఫలితాలను 1990లో ప్రచురించింది. సంతానంలో మందును తట్టుకున్నవాటికి ఏ క్రోమోజోమ్ ముక్క ఎటునుంచి వచ్చిందో పోల్చుకుంటూ 1991లో 7వ క్రోమోజోమ్‌కు, 1997లో అందులోని దాదాపు 36 వేల బేస్‌ల (డీఎన్‌ఏ అక్షరాల) ముక్కకు చేరారు. ఆ ముక్కలోని సీజీ2 జన్యువే కారణమని తొలుత భావించారు గానీ, దాన్ని మార్చి చూసినా పరాన్నజీవి మందును తట్టుకుంటూనే ఉంది. 13 ఎక్సాన్లుగా (ప్రోటీన్ సమాచారముండే ముక్కలుగా) చీలి ఉండి అంతవరకు కంటబడని పీఎఫ్‌సీఆర్‌టీ అనే పక్క జన్యువు 2000లో బయటపడింది. దాని ప్రోటీన్‌లో 76వ స్థానాన లైసిన్ అనే అమైనో ఆమ్లం బదులు థ్రియోనిన్ రావడమే కీలకమని తేలింది. తాము ముందు చెప్పినదాన్ని తామే పరీక్షించి పక్కన పెట్టడం, నా దృష్టిలో, జన్యువును కనుక్కోవడమంత గొప్ప పని.

నా పీహెచ్‌డీలో మొదటి రెండేళ్లు ఒక జన్యువును తొలగించే ప్రయత్నంలోనే గడిచాయి. ఈ పరాన్నజీవి జీనోమ్‌లో (మొత్తం డీఎన్‌ఏలో) దాదాపు 80 శాతం ఏ, టీ అక్షరాలే కావడంతో, ఈ.కోలై బాక్టీరియాలో పెంచిన ప్లాస్మిడ్ (జన్యువును మార్చడానికి వాడే గుండ్రని డీఎన్‌ఏ) నుంచి ముక్కలు ఊడిపోయేవి. అది సరిగా కుదిరాక పరాన్నజీవిలోకి పంపి, ప్లాస్మిడ్ చేరనివాటిని చంపే మందు వేసి, మూడు నాలుగు వారాలపాటు రోజూ మీడియా (పరాన్నజీవిని పెంచే పోషక ద్రవం) మారుస్తూ, జీమ్సా అనే రంగు వేసిన రక్తపు స్లైడు చూసేవాణ్ణి. ఎర్ర రక్తకణంలో సన్నని నీలి ఉంగరం, దాని అంచున ఎర్రటి చుక్క కనబడితే పరాన్నజీవి బతికినట్టు. నాకు ఎన్నిసార్లు చేసినా అది కనబడలేదు. మన రక్తంలో ఉన్నప్పుడు ఈ జీవికి ఒక్కో జన్యువుకు ఒకే ప్రతి ఉంటుంది కాబట్టి, బతకడానికి తప్పనిసరైన జన్యువును తీసేస్తే అది చచ్చిపోతుంది. జన్యువును ఉంచి, దాని ప్రోటీన్‌ను మనం కోరినప్పుడు తగ్గించే పద్ధతికి మారిన తరువాతే, మూడో ఏడాది చివర నా మొదటి ఫలితం వచ్చింది.

అందువల్ల చేరబోయే ల్యాబ్‌లో అలాంటి పద్ధతి ఇప్పటికే నడుస్తోందా, ఆదివారాలు, పండగ రోజుల్లో కల్చర్లను (ల్యాబ్‌లో పెంచే పరాన్నజీవులను) ఎవరు చూసుకుంటారు అన్న రెండు విషయాలు ముందే అడిగి తెలుసుకోండి.