సివిల్ ఇంజనీరింగ్ చివరి ఏడాది, ఒంగోలు: ఇంటర్వ్యూలో నా గురించి ఏం చెప్పుకోవాలి?

తమ్ముడూ, 'మీ గురించి చెప్పండి' అనగానే ఊరు, నాన్న సేద్యం, హాబీలు చెప్తున్నా, ఆ పైన వాళ్లేమీ అడగడం లేదు అని రాశావు. అడగడానికి నువ్వేం మిగిల్చావు చెప్పు? తర్వాతి ప్రశ్న నీకు బాగా తెలిసినచోట పడాలి. పరిచయంతో చూసుకోవాల్సింది అదే.

మొత్తం నిమిషం దాటకూడదు. పేరు, కోర్సు, కాలేజీ పది సెకన్లలో ముగించి నేరుగా ప్రాజెక్టుకి రా. ఇసుక బదులు గ్రానైట్ పొడి వాడామన్నావు గదా, మన జిల్లాలో అంతకన్నా మంచి సరుకేముంది! ఇలా చెప్పొచ్చు: "ఎం20 కాంక్రీటులో 10 శాతం ఇసుక తగ్గించి, చీమకుర్తి పాలిషింగ్ యూనిట్ల పొడి కలిపాం. 150 మి.మీ. క్యూబులు పోసి 7, 28 రోజులకి టెస్ట్ చేశాం. మిక్స్, క్యూబులు నేను చూసుకున్నాను." నీ శాతం వేరైతే నీదే చెప్పు. అక్కడ ఆపెయ్. ఫలితం వాళ్లచేత అడిగించుకోవాలి.

కచ్చితంగా అడుగుతారు: స్ట్రెంగ్త్ ఎంతొచ్చింది, స్లంప్ (పచ్చి కాంక్రీటు ఎంత జారుగా ఉందో చెప్పే కొలత) ఏమైంది? పొడి సన్నం కాబట్టి నీళ్లు ఎక్కువ లాగుతుంది, స్లంప్ తగ్గుతుంది. నీళ్లు పోసి సర్దితే స్ట్రెంగ్త్ పడిపోతుంది, అందుకే నీళ్లు పెంచకుండానే కాంక్రీటుని జారుగా చేసే ప్లాస్టిసైజర్ వేస్తారు. ఈ జవాబుతోపాటు మీ వాటర్-సిమెంట్ రేషియో, స్లంప్, 28 రోజుల స్ట్రెంగ్త్ ల్యాబ్ రికార్డులో చూసుకుని వెళ్లు. నలుగురు చేసిన ప్రాజెక్టులో అన్నీ 'మేం' అంటే నీ వాటా ఏందో తెలియదు. అలాగని చేయనిది చేశానన్నా నిలవదు. క్యూబు చేత్తో పోసినవాడికి మూడు పొరలు, పొరకి కడ్డీతో కనీసం 35 పోట్లు అని తెలుస్తుంది, చూస్తూ నిలబడినవాడు అక్కడే దొరికిపోతాడు. కొన్న ప్రాజెక్టయితే దాని జోలికే పోవద్దు. సర్వే క్యాంపులో ఎత్తుపల్లాలు కొలిచే ఆటో లెవెల్‌తో నువ్వు తీసిన రీడింగులు చెప్పినా దానికన్నా నయం.

చివర్లో ఏం కావాలో ఒక్క వాక్యం: "సైటులో క్వాలిటీ ట్రైనీగా చేయాలని ఉంది, జూన్ నుంచి రాగలను." 'ఏ పనైనా చేస్తా సార్' అంటే నిన్ను ఎక్కడ పెట్టాలో వాళ్లే ఆలోచించుకోవాలి, ఆ ఓపిక ఎవరికీ ఉండదు.

బట్టీ పట్టొద్దు. మధ్యలో అడ్డొస్తే మళ్లీ మొదట్నుంచి ఎత్తుకోవాల్సి వస్తుంది. క్రమం గుర్తుంటే చాలు, మాటలు అప్పటికప్పుడు వస్తాయి.

ఒంగోలు, నెల్లూరు కాంట్రాక్టర్లు, రెడీమిక్స్ ప్లాంట్ల దగ్గర తెలుగులోనే మాట్లాడు. వచ్చీరాని ఇంగ్లీషు కన్నా అదే మేలు. చెన్నై కంపెనీలకైతే ఇంగ్లీషు తప్పదు. ఆ నిమిషాన్ని ఫోన్లో రికార్డు చేసుకుని వింటే ఎక్కడ నసుగుతున్నావో నీకే తెలుస్తుంది.

వాట్సాప్‌లో 'హాయ్ సార్, ఎనీ వేకెన్సీ?' మాత్రం పెట్టకు. పైన చెప్పినవే మూడు వాక్యాలు రాసి, రెజ్యూమే పీడీఎఫ్‌లో జత చెయ్యి. ఫైలుకి నీ పేరు పెట్టు. 'రెజ్యూమే ఫైనల్ కొత్తది 2' ఎవరిదో వాళ్లకేం తెలుస్తుంది?

బ్యాక్‌లాగ్ సంగతి పరిచయంలో ఎత్తొద్దు. అడిగితే దాచొద్దు, ఎలాగూ మార్కుల మెమోలు చూస్తారు. ఏ సబ్జెక్టు మిగిలింది, ఎప్పుడు రాస్తున్నావు, అంతవరకే చెప్పు. లెక్చరర్ మీదికి నెట్టావంటే ఇంకో పది ప్రశ్నలొస్తాయి.