తాతగారి విక్టోరియా రూపాయలను చింతపండుతో తోమవచ్చునా?

రాజోలు దగ్గర మీ పాత ఇంట్లో తాతగారి భోషాణంలో కొన్ని విక్టోరియా రూపాయలూ, రాగి నాణేలూ దొరికాయనీ, కొన్నింటికి చిలుము పట్టిందనీ, ఇంట్లో పెద్దవారు చింతపండు పులుసుతో తోమమంటున్నారనీ రాశారు. దయచేసి తోమవద్దు. ఇత్తడి బిందెకు పనికివచ్చే ఆ పులుపు, నాణెంపై దశాబ్దాలుగా ఏర్పడిన పొరను కరిగించి, దాని కింది లోహాన్ని కూడా కొద్దిగా తినేస్తుంది. కోనసీమలో చాలా కాలంగా ఇటువంటి నాణేలు సేకరిస్తున్న నా దగ్గరకు, తళతళ మెరిసేటట్టు తోమిన రూపాయలను ఎంతో సంతోషంగా తెచ్చేవారున్నారు. భూతద్దం కింద పెడితే రాణిగారి చెంప నిండా ఒకే దిక్కుకు సాగిన సన్నటి గీతలు కనిపిస్తాయి. నాణేలను పరిశీలించి వాటి స్థాయికి అంకె వేసే గ్రేడింగ్ సంస్థలు అటువంటి నాణేనికి అంకె ఇవ్వవు. 'శుభ్రం చేసినది' అని రాసి తిప్పి పంపుతాయి.

నాణెం స్థాయి ప్రధానంగా అరుగుదలను బట్టి తేలుతుంది. అమెరికాలో విలియం షెల్డన్ 1949లో అక్కడి పాత రాగి సెంట్ల కోసం రూపొందించిన 1 నుంచి 70 వరకు ఉండే కొలమానాన్నే ఇప్పుడు పెద్ద గ్రేడింగ్ సంస్థలన్నీ వాడుతున్నాయి. అందులో 20 నుంచి 35 వరకు 'వెరీ ఫైన్', 40, 45 'ఎక్స్‌ట్రా ఫైన్', 60 నుంచి పైకి చలామణీలోకి వెళ్లని నాణేలు. మీ రూపాయలలో ముందుగా రాణి చెవి పైనున్న జుట్టునూ, కిరీటాన్నీ, రవికె మీది అల్లిక పనినీ చూడండి. మిగిలిన భాగాలకంటే ఎత్తుగా ఉండడం వల్ల చేతులు మారేకొద్దీ ముందు అరిగేవి అవే. రవికె అల్లిక విడివిడిగా కనిపిస్తూ, జుట్టు పాయలు మాత్రం కొంచెం కలిసిపోయి ఉంటే అది మంచి నాణెమే. ఒకే దీపం కింద నాణేన్ని మెల్లగా వంచుతూ తిప్పినప్పుడు వెలుగు చక్రంలా చుట్టూ తిరిగితే దానికి అచ్చు వేసిననాటి కాంతి మిగిలి ఉన్నట్టు. పాలిష్ మెరుపు అలా తిరగదు, అంతటా ఒకేలా ఉంటుంది. ఈస్టిండియా కంపెనీ వారి 1835 నాటి రూపాయి నుంచి 1939 వరకు రూపాయి బరువు 11.66 గ్రాములు, వెండి దాదాపు 92 శాతం. కంసాలి తక్కెడలో తూకం బాగా తేడా వస్తే ముందు నకిలీ అని అనుమానించండి. కాసులపేరు కోసం కొక్కెం అతికించి తీసేసిన గుర్తు అంచున ఉన్నా విలువ బాగా పడిపోతుంది.

ఇక చిలుము సంగతి. ఇందులో రెండు రకాలున్నాయి, మన ప్రాంతంలో ఈ తేడా తెలియడం చాలా అవసరం. వెదురుపుల్లతో సున్నితంగా తాకితే గట్టిగా అంటుకుని ఉండి, రాలని ముదురు ఆకుపచ్చ పొర నాణేనికి హాని చేయదు. దాన్ని అలాగే వదిలేయాలి. లేత ఆకుపచ్చ రంగులో పొడిలా రాలుతూ, తుడిచిన కొన్నాళ్లకు అదే చోట మళ్లీ పుట్టే చిలుము మాత్రం రాగిని లోపలి నుంచి తినేస్తుంది. దానికి క్లోరైడు ఉప్పూ, తేమా కారణం. అంతర్వేది వైపు నుంచి ఉప్పుగాలి వీచే ఊళ్లలో ఈ రెండింటికీ కొదవ లేదు. అటువంటి నాణేన్ని మిగతావాటినుంచి వేరుచేసి, బ్యాటరీలలో పోసే డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, రోజూ నీరు మారుస్తూ కొన్ని వారాలు ఉంచి, పూర్తిగా ఆరబెట్టాలి. కుళాయి నీటిలో కూడా క్లోరిన్ ఉంటుంది కనుక అది పనికిరాదు.

మెత్తటి ప్లాస్టిక్ కవర్లలో ఉంచిన నాణేలకు పట్టే జిడ్డు ఆకుపచ్చ వేరు. అది ఆ ప్లాస్టిక్‌లోని పీవీసీ నుంచి వస్తుంది. గాజు గిన్నెలో అసిటోన్ అనే ద్రావకాన్ని స్వచ్ఛమైనది పోసి కాసేపు ఉంచి, రుద్దకుండా తీసి గుడ్డపై ఆరనిస్తే పోతుంది. గోళ్ల రంగు తుడిచే ద్రవంలో నూనెలు, సువాసనలు కలుపుతారు కనుక దాన్ని వాడకూడదు. మంట దరిదాపుల్లో అసిటోన్ తెరవకూడదు. తరువాత మైలార్ (పీవీసీ లేని పారదర్శక ప్లాస్టిక్ పొర) కిటికీ ఉన్న అట్టలలో అమర్చి, తేమను పీల్చే సిలికా జెల్ సంచులు వేసిన గాలి చొరని డబ్బాలో పెట్టి, వానాకాలం ముందు సంచులు మార్చండి. గంధకం ఉండే రబ్బరు బ్యాండు దగ్గర్లో ఉన్నా వెండి నల్లబడుతుంది.

ధర గురించి: రూపాయలపై 1862 అని ఉంటే ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు, ఆ తేదీతోనే కొన్నేళ్లపాటు ముద్రిస్తూ పోయారు. రాగి నాణేలలో 1794 లేదా 1797 అనీ, 'రూపాయికి 48' అని ఇంగ్లీషులోనూ ఉన్నవి కనిపిస్తే మాత్రం పక్కన పెట్టండి. ఉత్తర సర్కారుల కోసం, అంటే మన గోదావరి ప్రాంతం కూడా చేరిన జిల్లాల కోసం, కంపెనీ వారు బర్మింగ్‌హామ్‌లోని సోహో టంకశాలలో కొట్టించి ఓడల మీద తెప్పించిన నాణేలవి. అమెరికాలో ఉన్న మీ తమ్ముడి చేత అక్కడే గ్రేడింగ్ చేయించాలనే ఆలోచన మానుకోండి. 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన నాణేలను వ్యక్తులు దేశం దాటించకూడదు.