బోల్టు బిగించినా లగ్గు మళ్లీ ఎందుకు వేడెక్కుతోంది?

ప్రశ్న: మాది బొబ్బిలి దగ్గర రైస్ మిల్లు. థర్మల్ కెమెరాతో ప్యానెల్ చూపిస్తే మెయిన్ ఎంసీసీబీ (పెద్ద బ్రేకరు) దగ్గర ఆర్ ఫేజు 51, వై 79, బి 51 డిగ్రీలు వచ్చింది. నాలుగు నెలల కిందటే వై ఫేజు లగ్గు (కేబుల్ చివర తొడిగి బ్రేకరుకు బిగించే లోహపు ముక్క) బోల్టు బిగించాం. మళ్లీ ఎందుకిలా? రాగి బస్‌బార్ (ప్యానెల్‌లో కరెంటు పంచే పట్టీ) మాత్రం 38 చూపింది. అది బాగున్నట్టేనా?
– ఒక మిల్లు యజమాని

జవాబు: ముందు క్లాంప్ మీటరు (కేబుల్ చుట్టూ పట్టి కరెంటు కొలిచేది) పెట్టించండి. ఆంపియర్లు రాసుకోకుండా తీసిన థర్మల్ ఫొటోతో సగం సంగతే తెలుస్తుంది. వైలో కరెంటే ఎక్కువుంటే తప్పు లోడు పంపకంలో ఉంది. మూడింటా సమానంగా ఉంటే ఈ 28 డిగ్రీల తేడా జాయింటుదే. సమాన లోడు మీద తేడా 15 దాటితే వెంటనే బాగుచేయించాలి. ఫొటోలోనే ఇంకో గుర్తు ఉంటుంది: లగ్గు దగ్గర బాగా వేడిగా ఉండి, కేబుల్ వెంట జానెడు పోయేసరికి తగ్గితే జాయింటు లోపం, పొడుగునా ఒకేలా కాలుతుంటే కేబుల్ సైజు చాలడం లేదు. పీవీసీ కేబుల్‌కి 70 డిగ్రీలే హద్దని మరవకండి. పైగా వేడి దాదాపు కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. మీ ఫొటో సగం లోడులో తీసిందైతే పూర్తి లోడులో ఆ తేడా నూరు దగ్గరికి పోవచ్చు. 40 శాతం లోడైనా లేనప్పుడు తీసిన ఫొటోని నమ్మొద్దు.

ఇక బిగింపు సంగతి. అల్యూమినియం లగ్గు రాగి టెర్మినల్ మీద కూర్చుంటే, వేడికి అల్యూమినియం ఎక్కువ సాగుతుంది. మిల్లు ఆడి ఆగినప్పుడల్లా అది నలిగి, పట్టు వదులుతుంది. సందులో కరెంటు పారని ఆక్సైడు పొర కడుతుంది. దాన్ని మరింత బిగిస్తే మెత్తటి లోహం ఇంకా నలుగుతుంది, అంతే.

సప్లై ఆపి, తాళం వేసి, టెస్టరుతో చూసుకున్నాకే లగ్గు విప్పాలి. రంగు మారిన తీగల్ని మెరిసే చోటిదాకా కోసేయాలి. సైజుకు సరిపడే బైమెటాలిక్ లగ్గుని (అల్యూమినియం, రాగి రెండూ కలిపి చేసినది) సరైన డైతో (అచ్చుతో) హైడ్రాలిక్ క్రింపింగ్ చేయించండి, అంటే నొక్కి బిగించడం. క్రింపింగ్‌కి ముందే అల్యూమినియం తీగల్ని వైరు బ్రష్‌తో రుద్ది, ఆలస్యం చేయకుండా జాయింటింగ్ కాంపౌండు (ఆక్సైడు మళ్లీ కట్టకుండా పూసే ముద్ద) పూయాలి. ఎంసీసీబీ మీద రాసి ఉన్న టార్క్‌కే (బిగింపు బలానికే), టార్క్ రెంచితో బిగించాలి. టెర్మినల్ నల్లబడి చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగి ఉంటే ఎంసీసీబీనే మార్చండి. అక్కడ పొదుపు పనికిరాదు. తర్వాత మిల్లు గంటసేపు పూర్తి లోడులో ఆడాక మళ్లీ ఫొటో తీయించండి.

బస్‌బార్ 38 అన్నది నమ్మలేం. మెరిసే రాగి తన వేడిని సరిగా చూపదు, అద్దంలా చుట్టుపక్కల వేడిని చూపిస్తుంది. ఎలాగూ సప్లై ఆపుతారు కాబట్టి బార్ మీద నల్ల పీవీసీ టేపు ముక్క అంటించి, ఈసారి టేపు మీద కొలవండి, కెమెరాలో ఎమిసివిటీ (వస్తువు తన వేడిని ఎంతవరకు వెలువరిస్తుందో చెప్పే అంకె) 0.95 పెట్టి. ప్యానెల్ తలుపుకున్న అద్దంలోంచి, అక్రిలిక్ షీటులోంచి కెమెరాకి ఏమీ కనపడదు. తలుపు తీసి చూసే పని లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌దే.

ప్రశ్న: పలాసలో మాకు జీడిపప్పు యూనిట్ ఉంది. లేజరు చుక్క పడే థర్మామీటరు గన్ సరిపోదా?

జవాబు: ప్యానెల్‌కి చాలదు. గన్ మీద 12:1 (దూరానికీ, కొలిచే చోటు వెడల్పుకీ నిష్పత్తి) అని ఉంటే, 1.2 మీటర్ల నుంచి అది 10 సెంటీమీటర్ల వెడల్పు మొత్తానికి సగటు చెబుతుంది. లగ్గు వెడల్పు రెండు మూడు సెంటీమీటర్లే. లేజరు చుక్క గురికి మాత్రమే. కచ్చితంగా కొలవాలంటే 30 సెంటీమీటర్ల లోపలికి పోవాలి; కరెంటున్న భాగాల దగ్గరికి అంతలా పోకూడదు. మోటారు బేరింగులకీ గేర్‌బాక్సులకీ వాడుకోండి.