మార్కులు తగ్గినా ఇంజనీరింగ్ చదవవచ్చా?

ప్రశ్న: మా అబ్బాయికి హైస్కూలులో ఆశించినన్ని మార్కులు రాలేదు. పేరున్న ఇంజనీరింగ్ కాలేజీల్లో సీటు కష్టమేనని తేలిపోయింది. మిగిలినవాటిలో దేన్ని ఎంచుకోవాలో చెప్పగలరా?

జవాబు: మొత్తం మార్కులను కాసేపు పక్కన పెట్టి, గణితం, భౌతికశాస్త్రాల్లో మీ అబ్బాయి ఎలా ఉన్నాడో చూడండి. భాషల్లోనో చరిత్రలోనో మార్కులు తగ్గితే పెద్ద చిక్కు లేదు. గణితంలోనే వెనకబడి ఉంటే మాత్రం, మొదటి ఏడాదిలో కాల్‌క్యులస్, మెకానిక్స్ ఏ కాలేజీలోనైనా తప్పవు కాబట్టి, చేరేలోపే ఆ లోటు పూడ్చుకోవడం కాలేజీ ఎంపికకన్నా ముఖ్యం.

కాలేజీ విషయానికొస్తే, అతను చేరదలచిన కోర్సుకు అక్రెడిటేషన్ (నాణ్యతా ప్రమాణాలకు తగ్గట్టు ఉందని ఇచ్చే గుర్తింపు) ఉందో లేదో ముందు తెలుసుకోండి. ఇంజనీరింగ్‌లో ఈ గుర్తింపును సాధారణంగా ఒక్కో కోర్సుకు విడివిడిగా ఇస్తారు గనుక, ఒకే ప్రాంగణంలో సివిల్‌కు ఉండి ఎలక్ట్రానిక్స్‌కు లేకపోవచ్చు. ఇలాంటి గుర్తింపునిచ్చే పలు దేశాల సంస్థల మధ్య 1989లో కుదిరిన వాషింగ్టన్ ఒప్పందంలోని సభ్యసంస్థలు, తాము గుర్తించిన డిగ్రీలను పరస్పరం సమానంగా పరిగణిస్తాయి. రేపు వేరే దేశంలో ఉద్యోగానికి వెళ్లాలన్నా అది పనికొస్తుంది.

ఆ తరువాత పని దినాన వెళ్లి ప్రయోగశాల చూడండి. ఆసిలోస్కోపుల (విద్యుత్ సంకేతాలను తెరపై చూపే పరికరాల) మీద దుమ్ము పేరుకుని, విద్యార్థుల రికార్డుల్లో రీడింగులన్నీ ఒకేలా ఉంటే, రంగురంగుల బ్రోచరు ఏం చెప్పినా నమ్మకండి. ఉద్యోగాల సంగతి అడిగేటప్పుడు అత్యధిక జీతం ఎంతని కాక (అది ఒక్కరికే వచ్చి ఉంటుంది), మధ్యస్థ జీతం (సగంమందికి అంతకన్నా ఎక్కువ, సగంమందికి తక్కువ వచ్చేది) ఎంతో, ఎందరు సకాలంలో పట్టా పొందారో అడగండి.